గ్లూకోజ్ నీళ్లలోంచి కరెంటు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

గ్లూకోజ్‌ను ఎంజైమ్‌తో ఆక్సీకరించి, ఊడివచ్చిన ఎలక్ట్రాన్లను తీగలోకి మళ్లించే సెల్ గురించి ఈ నెల చాలా ఉత్తరాలు వచ్చాయి. ఎక్కువ భాగం విశాఖ, ఆ చుట్టుపక్కల నుంచే. ఒకే రకం ప్రశ్నల్ని కలిపేశాం. పాళ్లు, కొలతలు అడిగినవాళ్లకు కాస్త ఎక్కువ చోటిచ్చాం.

రాగి రేకు, జింకు రేకు గ్లూకోజ్ నీళ్లలో ముంచితే మా పిల్లలకు 0.7 వోల్టు వచ్చింది. ఎంజైమ్ వేసినా అంతే, వేయకపోయినా అంతే. ఇది గ్లూకోజ్ సెల్ కిందికి వస్తుందా?
— గాజువాక నుంచి ఒక సైన్స్ టీచరు

రాదండీ. అది నిమ్మకాయ బ్యాటరీయే. నిమ్మకాయ స్థానంలో గ్లూకోజ్ నీళ్లు వచ్చాయి, అంతే తేడా. అక్కడ కరుగుతున్నది జింకు, కరెంటు ఇస్తున్నదీ జింకే. అయితే ఎంజైమ్ లేకుండా కూడా కొలిచి చూశారు చూడండి, ఆ పని చేసినందుకు పిల్లల్ని మెచ్చుకోవాలి. సైన్స్ ఫెయిర్లలో బహుమతి పొందే చాలా నమూనాల్లో ఆ ఒక్క కొలతే ఉండదు.

నిజమైన గ్లూకోజ్ సెల్లులో ద్రావణాన్ని తాకేది కార్బన్ ఒక్కటే కావాలి. పాత టార్చి సెల్లులోని కార్బన్ కడ్డీ, కార్బన్ గుడ్డ, కార్బన్ పేపరు ఏదైనా సరే. మొసలి క్లిప్పు తడవకూడదు. కార్బన్ గుడ్డతో ఒక చిక్కుంది: దీపం వత్తి నూనెను పీల్చినట్టు అది ద్రావణాన్ని పైకి పీల్చుతుంది, క్లిప్పు దాకా ఎక్కిస్తుంది. క్లిప్పు తుప్పు పట్టడం మొదలవగానే మీటరులో కరెంటు కనిపిస్తుంది, అందరూ చప్పట్లు కొడతారు. ద్రావణం మట్టానికి పైన ఒక అర సెంటీమీటరు మేర కరిగించిన పారఫిన్ మైనం పట్టిస్తే ఈ తంటా ఉండదు.

బడికి శుద్ధి చేసిన ఎంజైమ్ కొనడం కంటే ఈస్టు మేలు. ఈస్టు కణం అంటే ఎంజైముల సంచీయే కదా. రెండు గదుల పెట్టె తీసుకుని మధ్యలో కేటయాన్ ఎక్స్‌ఛేంజ్ పొర (ధన అయాన్లను మాత్రమే పోనిచ్చేది) బిగించండి. ఒక గదిలో పీహెచ్ 7 ఫాస్ఫేట్ బఫరులో (పీహెచ్ మారకుండా నిలబెట్టే ద్రావణంలో) కలిపిన బేకరీ ఈస్టు, 1 మోలార్ గ్లూకోజ్ (100 మి.లీ.కి 18 గ్రా.), 10 మిల్లీమోలార్ మిథిలీన్ బ్లూ (100 మి.లీ.కి 0.32 గ్రా.) సమానంగా పోయండి. రెండో గదిలో 0.02 మోలార్ పొటాషియం ఫెర్రీసయనైడ్ (100 మి.లీ.కి 0.66 గ్రా.). 0.4 నుంచి 0.6 వోల్టు దాకా వస్తుంది. ఫెర్రీసయనైడ్‌ను ఆమ్లంతో కలపకూడదు, వేడి చేయకూడదు. విషవాయువు పుట్టే ప్రమాదం ఉంది కాబట్టి ఆ సీసా టీచరు చేతిలోనే ఉండాలి.

మా ఊళ్లో బెల్లానికి కొదవ లేదు. బెల్లం పానకంతో గాని, చెరకురసంతో గాని ఈ సెల్ నడపలేమా? మెడికల్ షాపు గ్లూకోజే కావాలా?
— అనకాపల్లి నుంచి ఒక డిగ్రీ విద్యార్థి

ఈ సెల్లులో గ్లూకోజ్‌ను ఆక్సీకరించే గ్లూకోజ్ ఆక్సిడేజ్ చాలా పట్టింపుగల ఎంజైమ్. చెరకురసంలో, బెల్లంలో ప్రధానంగా ఉండేది సుక్రోజ్. దాన్ని ఇది ముట్టుకోదు. బెల్లంలో ముందే విడిపోయి ఉన్న కొద్దిపాటి గ్లూకోజ్ మాత్రమే పనికొస్తుంది. సుక్రోజ్‌ను విడగొట్టాలంటే ఇన్వర్టేజ్ అనే ఇంకో ఎంజైమ్ వేయాలి. అప్పుడు కూడా సగం ఫ్రక్టోజ్‌గా పోతుంది, అది ఈ ఎంజైమ్‌కు అక్కరలేదు. పైగా బెల్లంలోని రంగు పదార్థాలు కార్బన్‌కు అంటుకుని ఎలక్ట్రోడ్‌ను మూసేస్తాయి. రంగు కోసం హైడ్రోస్ కలిపిన బెల్లమైతే ఇంకా మోసం. హైడ్రోస్ తానే ఎలక్ట్రాన్లు ఇచ్చే పదార్థం, ఎంజైమ్ లేకపోయినా మీటరు కదిలిస్తుంది.

కిరాణా కొట్లో దొరికే గ్లూకోజ్ పొడితో కూడా ఇలాంటి జాగ్రత్తే అవసరం. విటమిన్ సి కలిపిన రకమైతే వద్దు. విటమిన్ సి కార్బన్ మీద నేరుగా ఆక్సీకరణ చెందుతుంది.

మంచి దారి మెడికల్ షాపులో దొరికే 5 శాతం డెక్స్‌ట్రోజ్ బాటిల్. డెక్స్‌ట్రోజ్ అంటే గ్లూకోజే. అందులో 100 మి.లీ.కి 5 గ్రాములుంటుంది. 36 మి.లీ. తీసి బఫరుతో 100 మి.లీ. చేస్తే సరిగ్గా 0.1 మోలార్. దీనిలో ఇంకో లాభం ఉంది. పొడి గ్లూకోజ్ స్ఫటికాలు ఆల్ఫా రూపంలో ఉంటాయి. ఎంజైమ్‌కు కావలసింది బీటా రూపం. నీళ్లలో కలిపాక నెమ్మదిగా మారుతూ చివరికి 36 వంతులు ఆల్ఫా, 64 వంతులు బీటా దగ్గర నిలుస్తుంది. అందుకే పొడితో చేసిన ద్రావణాన్ని రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచి మర్నాడు వాడతారు. బాటిల్ ద్రావణంలో ఆ మార్పు ఎప్పుడో అయిపోయి ఉంటుంది. అప్పటికప్పుడు కలిపిన పొడి ద్రావణంతో కొలిస్తే కరెంటు అరగంటకోసారి పెరుగుతూ పోతుంది, ఎలక్ట్రోడ్ బాగుపడుతోందని భ్రమ పడతారు.

షాపులో అడిగేటప్పుడు మాత్రం డి.ఎన్.ఎస్. (డెక్స్‌ట్రోజ్ నార్మల్ సెలైన్) అనకండి. అందులో డెక్స్‌ట్రోజ్‌తో పాటు 0.9 శాతం ఉప్పు ఉంటుంది. ఆ ఉప్పు ఏం చేస్తుందో కింద భీమిలి పాఠకుడికి ఇచ్చిన జవాబులో చూడండి.

చదరపు సెంటీమీటరు కార్బన్ గుడ్డ మీద 5 మి.గ్రా. గ్లూకోజ్ ఆక్సిడేజ్ వేశాను. 12 మైక్రోఆంపియర్లు దాటలేదు. ఇంకా ఎంత వేయాలి? వేసే పద్ధతి ఏదైనా చెప్తారా?
— మద్దిలపాలెం నుంచి ఒక ఎం.ఎస్సి. విద్యార్థిని

ఇంకా వేయకండమ్మా, తగ్గించండి. ముందు ఒక చిన్న లెక్క. ఒక యూనిట్ ఎంజైమ్ అంటే నిమిషానికి ఒక మైక్రోమోల్ గ్లూకోజ్‌ను మార్చేది. ఒక్కో అణువు నుంచి రెండు ఎలక్ట్రాన్లు. దాన్ని కరెంటులోకి మారిస్తే ఒక యూనిట్‌కు 3.2 మిల్లీఆంపియర్లు. మీ డబ్బా మీద మి.గ్రా.కి 150 యూనిట్లని ఉందనుకుందాం. 5 మి.గ్రా.కి 750 యూనిట్లు. కాగితం మీద రెండున్నర ఆంపియర్లు రావాలి. మీకు వచ్చింది అందులో రెండు లక్షల్లో ఒక వంతు. కొరత ఎంజైమ్‌ది కాదు, ఎలక్ట్రాన్‌కు దారి లేదు.

గ్లూకోజ్ ఆక్సిడేజ్‌లో ఎలక్ట్రాన్లు పట్టుకునే భాగం ఎఫ్.ఎ.డి. అది ప్రోటీన్ గుజ్జు లోపల సుమారు ఒకటిన్నర నానోమీటర్ల లోతున, పనసకాయలో గింజలా కూర్చుంటుంది. ఎలక్ట్రాన్ దూకగల దూరం దాదాపు అక్కడితో అయిపోతుంది. అందుకని మధ్యవర్తి కావాలి. లోపలికి వెళ్లి ఎలక్ట్రాన్ తీసుకుని, బయటికొచ్చి కార్బన్‌కు అప్పగించే చిన్న అణువు. రేవులో బల్లకట్టు లాంటిది. బల్లకట్టు లేకుండా ఎంజైమ్ మాత్రం కుప్ప పోస్తే కార్బన్ మీద కరెంటు పారని ప్రోటీన్ పొర పేరుకుంటుంది, ఉన్న కరెంటు కూడా పడిపోతుంది.

మధ్యవర్తిని ఎంచుకునేటప్పుడు దాని పొటెన్షియల్ చూడాలి. ఫెర్రోసీన్ రకాలు పని చేస్తాయి కాని వాటి పొటెన్షియల్ ఎత్తు. ఎదుటి ఎలక్ట్రోడ్ కాథోడ్. దాని మీద ఆక్సిజన్‌ను నీరుగా మార్చే లాకేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. ఆ లాకేజ్ కాథోడ్‌కు, ఫెర్రోసీన్‌కు మధ్య వాలు పావు వోల్టు కంటే పెద్దగా మిగలదు. సెన్సారుకైతే అది చాలు, సెల్లుకు చాలదు. 1,4-నాఫ్తోక్వినోన్ చాలా కిందుంటుంది, పైగా నీళ్లలో సరిగా కరగదు కాబట్టి కార్బన్‌ను అంటిపెట్టుకుంటుంది. ఆస్మియం పాలిమర్లు ఇంకా బాగుంటాయి, అవి ఎంజైమ్‌ను జెల్‌లో పట్టి ఉంచుతాయి కూడా. కాని ఎం.ఎస్సి. ప్రాజెక్టులో వాటిని తయారుచేసే సమయం ఉండదు.

చదరపు సెంటీమీటరుకు పాళ్లు ఇవి. ముందు కైటోసాన్ ద్రావణం: 0.5 గ్రా. కైటోసాన్‌ను 100 మి.లీ. 1 శాతం అసిటిక్ ఆమ్లంలో రాత్రంతా కలియబెట్టి, సోడియం హైడ్రాక్సైడ్ చుక్కచుక్కగా వేస్తూ పీహెచ్ 5.2కు తేవాలి. 6.3 దాటిందంటే పాలు విరిగినట్టు తెల్లగా విరుగుతుంది. కైటోసాన్ మూలం రొయ్య పెంకే, విశాఖ తీరంలో దానికి లోటేమిటి. కాని వలిచిన పెంకులోంచి ఇంట్లో తీసిన సరుకులో కాల్షియం, ప్రోటీన్ మిగిలి ఉంటాయి, లేబ్ రకమే కొనండి. ఇందులో 1 మి.లీ.కి 5 మి.గ్రా. బహుళగోడల కార్బన్ నానోట్యూబులు వేసి, ఐసు గిన్నెలో పెట్టి అరగంట సోనికేట్ చేయాలి (అతిధ్వని తరంగాలతో కలపాలి). నల్లటి సిరాలా ఉండాలి. అడుగున రేణువులు తేరితే ఇంకో పది నిమిషాలు. పొడి ట్యూబులు తూచేటప్పుడు మాస్కు తప్పనిసరి.

కార్బన్ గుడ్డ నీళ్లను తోసేస్తుంది. ఇథనాల్‌లో పది నిమిషాలు నానబెట్టి, నీళ్లతో కడిగి, తడి ఆరకముందే 50 మైక్రోలీటర్ల సిరా వేసి ఆరనివ్వండి. తర్వాత నాఫ్తోక్వినోన్: 8 మి.గ్రా. ఒక మి.లీ. అసిటోనైట్రైల్‌లో కరిగించి 20 మైక్రోలీటర్లు. ఇది ఫ్యూమ్ హుడ్ కింద మాత్రమే. పూర్తిగా ఆరాలి. అసిటోనైట్రైల్ వాసన ఏమాత్రం మిగిలినా ఎంజైమ్ దెబ్బతింటుంది. గుడ్డ అంచులకు గోళ్ల రంగు పూసేవాళ్లున్నారు. అసిటోనైట్రైల్ తగిలితే ఆ రంగు కరిగి కార్బన్ మీదికి పాకుతుంది. ఎపాక్సీ వాడండి.

చివరగా ఎంజైమ్. బఫరులో మి.లీ.కి 10 మి.గ్రా. ఆక్సిడేజ్, 10 మి.గ్రా. బోవైన్ సీరం ఆల్బుమిన్ (ఆవు రక్తంలోని ప్రోటీన్) కలిపిన ద్రావణం 20 మైక్రోలీటర్లు. అందులో 1 శాతం గ్లూటరాల్డిహైడ్ 2 మైక్రోలీటర్లు కలిపి, వెంటనే గుడ్డ మీద వేయాలి. మొత్తం ఎంజైమ్ 0.2 మి.గ్రా., మీరు వేసినదానిలో ఇరవై అయిదో వంతు. గ్లూటరాల్డిహైడ్ ప్రోటీన్లను ఒకదానికొకటి ముడివేస్తుంది. ముడులు ఎక్కువైతే ఎంజైమ్ కదల్లేక చచ్చిపోతుంది, తక్కువైతే కడిగినప్పుడు పోతుంది. 25 శాతం సీసాలోంచి నేరుగా చుక్క వేయడం ఈ పనిలో అందరికంటే ఎక్కువగా జరిగే తప్పు. 4 డిగ్రీల దగ్గర రాత్రంతా ఆరనిచ్చి, బఫరులో అయిదేసి నిమిషాలు మూడుసార్లు కడగండి. హెయిర్ డ్రయరు పట్టకండి.

పరీక్షకు పీహెచ్ 5 బఫరు: 0.2 మోలార్ డైసోడియం ఫాస్ఫేట్ 51.5 మి.లీ., 0.1 మోలార్ సిట్రిక్ ఆమ్లం 48.5 మి.లీ. ఇరవై నిమిషాలు నైట్రోజన్ పంపండి. గాలి ఉంటే ఎంజైమ్ తన ఎలక్ట్రాన్లను మధ్యవర్తికి బదులు ఆక్సిజన్‌కు ఇచ్చేస్తుంది. ఈ పాళ్లతో సగం మిల్లీఆంపియరు నిలకడగా వచ్చినా ఎలక్ట్రోడ్ బాగా కుదిరినట్టే.

సైక్లిక్ వోల్టామెట్రీలో (వోల్టేజీని పైకీ కిందికీ జరుపుతూ కరెంటు కొలిచే పద్ధతిలో) −0.45 వోల్టు దగ్గర అందమైన జంట శిఖరాలు వచ్చాయి. మధ్యవర్తి లేకుండానే ఎంజైమ్ నుంచి ఎలక్ట్రాన్ నేరుగా వస్తోందని రాసేయొచ్చా?
— విశాఖ నుంచి ఒక పరిశోధక విద్యార్థి

తొందరపడకండి. ఆ శిఖరాలు ఎఫ్.ఎ.డి.వే, సందేహం లేదు. అది ఇంకా ఎంజైమ్ లోపల ఉందా, ఊడిపడి కార్బన్‌కు అంటుకుందా అన్నదే ప్రశ్న. నానోట్యూబుల మీద ప్రోటీన్ విప్పారినప్పుడు ఎఫ్.ఎ.డి. జారి బయటికి రావడం మామూలే. ఊడిన ఎఫ్.ఎ.డి. కూడా అదే చోట అవే శిఖరాలు ఇస్తుంది.

తేల్చుకోవడానికి నైట్రోజన్ కింద గ్లూకోజ్ కలపండి. ఎంజైమ్ నిజంగా కార్బన్‌తో మాట్లాడుతుంటే ఆక్సీకరణ కరెంటు పెరిగి గట్టిగా మెట్టులా లేవాలి. శిఖరాలు కదలకుండా కూర్చుంటే అవి అలంకారమే. ఈ పరీక్షను గాలిలో చేస్తే ఇంకో ఉచ్చు: గ్లూకోజ్ వేయగానే ఎంజైమ్ ఆక్సిజన్‌ను తినేస్తుంది, ఆక్సిజన్ క్షయకరణ శిఖరం తగ్గుతుంది. ఆ తగ్గుదలను నేరు బదిలీకి రుజువుగా చూపిన పత్రాలు తక్కువేం కాదు. ఇంకోటి కూడా చేయండి. ఎంజైమ్‌ను 80 డిగ్రీల దగ్గర పావుగంట ఉడికించి అదే పద్ధతిలో ఎలక్ట్రోడ్ చేయండి. దానికీ అవే శిఖరాలు వస్తే రాయాల్సిన వాక్యం మారిపోతుంది.

భీమిలిలో మా ఇంటి ముందు సముద్రమే. ఎలక్ట్రోలైటుగా సముద్రపు నీళ్లు వాడితే బఫరు ఖర్చు తప్పుతుంది కదా?
— భీమిలి నుంచి ఒక పాఠకుడు

లాకేజ్ కాథోడ్ అయితే కుదరదు. దానిలో నాలుగు రాగి పరమాణువులుంటాయి, ఆక్సిజన్‌ను నీరుగా మార్చేది అవే. క్లోరైడ్ అయాన్ ఆ పనికి అడ్డుపడుతుంది. లీటరు సముద్రపు నీటిలో క్లోరైడే దాదాపు 19 గ్రాములు. దానికి తోడు పీహెచ్ 8 దాటి ఉంటుంది, లాకేజ్‌కు నచ్చేది 4 నుంచి 5. బిలిరుబిన్ ఆక్సిడేజ్ పీహెచ్ 7 దగ్గర పని చేస్తుంది, క్లోరైడ్‌ను తట్టుకుంటుంది. రక్తంలో పని చేయాల్సిన సెల్లుకు దాన్ని ఎంచుకునేది అందుకే. ధర మాత్రం లాకేజ్ కంటే చాలా ఎక్కువ. తీరం వెంబడి ఉప్పగా ఉండే బోరు నీళ్లతో బఫరు కలిపినా ఇదే గొడవ. డిస్టిల్డ్ వాటరే వాడండి.

ఒక్కో సెల్లుకు 0.6 వోల్టు చూపిస్తోంది. ఒకే ట్రేలో నాలుగు జతలు సిరీస్‌లో కలిపితే 2.4 రావాలి కదా, 0.7 కూడా దాటడం లేదు. ఎల్.ఇ.డి. వెలగడం లేదు.
— మధురవాడ నుంచి ఒక ఇంజినీరింగ్ విద్యార్థి

ట్రే ఒకటే కావడమే కారణం. ద్రావణం అన్నిటికీ ఉమ్మడిగా ఉంటే జతలు ద్రావణం గుండానే ఒకదానికొకటి షార్టవుతాయి. నాలుగు విడి గిన్నెలు పెట్టండి, మధ్యలో ఒక్క తడి చార కూడా ఉండకూడదు.

అప్పుడు 2.4 వస్తుంది, ఎల్.ఇ.డి. అప్పుడూ వెలగకపోవచ్చు. మీరు చూస్తున్నది లోడు లేని వోల్టేజీ. సెల్లుకు వరసగా 1 మెగాఓమ్, 100 కిలోఓమ్, 47, 22, 10, 4.7, 1 కిలోఓమ్ రెసిస్టర్లు తగిలించి, ఒక్కోదానికి అయిదు నిమిషాలు ఆగి వోల్టేజీ రాసుకోండి. వెంటనే చదివితే ఎలక్ట్రోడ్‌లో నిల్వ ఉన్న ఛార్జీని కొలుస్తారు, సెల్లును కాదు. వోల్టేజీ వర్గాన్ని రెసిస్టెన్సుతో భాగిస్తే పవరు. 10 కిలోఓమ్ మీద 0.3 వోల్టు నిలిచిందనుకోండి: 30 మైక్రోఆంపియర్లు, 9 మైక్రోవాట్లు. ఎర్ర ఎల్.ఇ.డి.కి మసకగా వెలగడానికే 1.8 వోల్టు దగ్గర 2 మిల్లీఆంపియర్లు అడుగుతుంది, అంటే 3.6 మిల్లీవాట్లు. గంటసేపు కెపాసిటర్‌లో కూడబెడితే నష్టాలేమీ లేకుండా 9 సెకన్లు వెలుగుతుంది. బూస్ట్ కన్వర్టరులో పోయేది పోగా నాలుగైదు సెకన్లు. ప్రదర్శనకు గంటకోసారి మెరిసే దీపం పెట్టి, ఈ లెక్క పక్కన రాసి ఉంచండి. అదే నిజాయితీగా ఉంటుంది.

వోల్టేజీ ఎక్కడ పడిపోతోందో కూడా చూడండి. చాలాసార్లు తప్పు కాథోడ్‌ది. మామూలు గాలి తగిలే నీళ్లలో 25 డిగ్రీల దగ్గర కరిగే ఆక్సిజన్ లీటరుకు 8 మి.గ్రా. మాత్రమే, 0.26 మిల్లీమోలార్. మీరు పోసిన గ్లూకోజ్ 100 మిల్లీమోలార్. కాథోడ్‌ను అడుగుకి ముంచేస్తే ఊపిరాడక చస్తుంది. టెఫ్లాన్ పట్టించిన కార్బన్ పేపరును గిన్నె గోడకు కిటికీలా అతికించి, లాకేజ్ ఉన్న వైపు లోపలికి, మరో వైపు గాలికి తెరిచి ఉంచండి. లాకేజ్ కొనేటప్పుడు బరువు కాదు, యూనిట్లు చూడండి. బూజు నుంచి తీసిన మామూలు రకం గోధుమరంగు పొడిలో మి.గ్రా.కి ఒక యూనిట్ కూడా ఉండకపోవచ్చు.

మొదటిరోజు బ్రహ్మాండం, మూడోరోజుకు సున్నా. ఎలక్ట్రోడ్ మళ్లీ మళ్లీ చేయడమేనా గతి?
— పెందుర్తి, సీతమ్మధార నుంచి వేర్వేరుగా ఇద్దరు

మళ్లీ చేసేముందు చచ్చింది ఎవరో కనుక్కోండి. లోడు మీద ఉండగానే ఒక్కో ఎలక్ట్రోడ్‌ను సిల్వర్-సిల్వర్ క్లోరైడ్ రిఫరెన్సుతో విడిగా కొలవండి. మొదటిరోజు విలువ నుంచి జరిగినది ఏదో అదే దోషి. యానోడ్ (గ్లూకోజ్ ఆక్సిడేజ్ ఉన్న ఎలక్ట్రోడ్) అయితే ద్రావణంలో చిటికెడు తాజా ఎంజైమ్ వేసి చూడండి. కరెంటు తిరిగొస్తే పాత ఎంజైమ్ పోయింది. రాకపోతే మధ్యవర్తి కొట్టుకుపోయి ఉంటుంది. ద్రావణం లేత పసుపుగా మారిందంటే నాఫ్తోక్వినోన్ అందులోకి చేరినట్టు.

ఎంజైమ్ పోవడానికి పెద్ద కారణం అది పుట్టించే హైడ్రోజన్ పెరాక్సైడే. ఆక్సిజన్ ఉన్నచోట గ్లూకోజ్ ఆక్సిడేజ్ దాన్ని తయారుచేస్తూనే ఉంటుంది. అది యానోడ్‌నీ, ఈదుకెళ్లి కాథోడ్‌నీ తింటుంది. మి.లీ.కి 100 యూనిట్ల కేటలేజ్ వేస్తే పెరాక్సైడ్ విరుగుతుంది. డబ్బులుంటే ఎఫ్.ఎ.డి. రకం గ్లూకోజ్ డీహైడ్రోజినేజ్‌కు మారండి, అది ఆక్సిజన్ జోలికి పోదు కాబట్టి పెరాక్సైడ్ పుట్టదు.

రెండో కారణం బూజు. మన ఎండకు, ఉక్కకు గ్లూకోజ్ ద్రావణం ఒక్కరోజు బల్ల మీద ఉంటే చాలు. దాన్ని ఆపాలని చాలా లేబొరేటరీల్లో అలవాటుగా సోడియం అజైడ్ వేస్తారు. లాకేజ్‌కు అజైడ్ విషం, కేటలేజ్‌కూ విషమే. బూజు ఆగుతుంది, సెల్లూ ఆగుతుంది. 0.2 మైక్రాన్ ఫిల్టరులో వడగట్టి రోజూ కొత్త ద్రావణం పోయడం తప్ప సులువైన దారి లేదు. రోజూ మార్చడానికి ఇంకో కారణం కూడా ఉంది: గ్లూకోజ్ మారేది గ్లూకోనిక్ ఆమ్లంగా, పీహెచ్ జారిపోతూ ఉంటుంది.

సెల్లు వాడనప్పుడు ఎలక్ట్రోడ్‌ను బఫరులో తడిగా 4 డిగ్రీల దగ్గర ఉంచండి. ఆరిపోయి మళ్లీ తడిస్తే పొర పగుళ్లు విచ్చి ఊడుతుంది.

ఎంజైమ్ పొడి సంగతి. సముద్రపు గాలిలో తేమ ఎంతుంటుందో విశాఖవాళ్లకు చెప్పాలా. మైనస్ 20 నుంచి తీసిన సీసాను అప్పటికప్పుడు తెరిస్తే గాలిలోని తేమ చల్లటి పొడి మీద నీరుగా దిగుతుంది. నాలుగుసార్లు అలా తెరిస్తే పొడి ముద్ద కడుతుంది. సిలికా జెల్ డబ్బాలో అరగంట ఉంచి, గది వేడికి వచ్చాకే మూత తీయండి. కొన్న రోజే చిన్న చిన్న గొట్టాల్లోకి పంచుకోవడం ఇంకా మంచిది. దానంతట అదే మంచు కరిగించుకునే ఫ్రీజరులో పెట్టకండి, అది రోజూ వేడెక్కి చల్లబడుతుంది. ద్రావణంగా చేసి నిల్వ పెట్టడం మరీ ప్రమాదం. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను తర్వాత నగరంలో చాలాచోట్ల రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటప్పుడు పొడిగా, తేమ తగలకుండా ఉన్న ఎంజైమ్ బతికి బట్టకడుతుంది. ద్రావణం బతకదు.

దీంతో ఫోను ఛార్జి చేసుకోవచ్చా?
— అక్కయ్యపాలెం నుంచి

ఒక ఎంజైమ్‌తో గ్లూకోజ్‌లోని 24 ఎలక్ట్రాన్లలో రెండే వస్తాయి. అలా అయితే ఒక గ్రాముకు 0.3 ఆంపియర్-అవర్, అర వోల్టు దగ్గర 0.15 వాట్-అవర్. 5000 మిల్లీఆంపియర్-అవర్ ఫోను నింపడానికి దాదాపు 130 గ్రాముల గ్లూకోజ్. అదేం పెద్ద ఖర్చు కాదు. కాని చదరపు సెంటీమీటరుకు ఒక మిల్లీవాటు ఇచ్చే మంచి ఎలక్ట్రోడ్లయినా 5 వాట్ల ఛార్జింగుకు అర చదరపు మీటరు పరచాలి. 2007లో సోనీ చూపించిన సెల్ 39 మి.మీ. ఘనం, 50 మిల్లీవాట్లు, అలాంటివి నాలుగు కలిపితే పాటల ప్లేయరు నడిచింది. 2014లో అమెరికాలోని వర్జీనియా టెక్ పరిశోధకులు 13 ఎంజైములు వరుసగా పేర్చి మాల్టోడెక్స్‌ట్రిన్‌లోని ప్రతి గ్లూకోజ్ నుంచి 24 ఎలక్ట్రాన్లూ రాబట్టారు. 13 ఎంజైములనూ ఒకే పీహెచ్‌లో బతికించడం ఎంత కష్టమో పై జవాబులు చదివినవాళ్లు ఊహించగలరు.

నాకు షుగరుంది, పేస్‌మేకరూ ఉంది. ఒంట్లోని గ్లూకోజ్‌తోనే పేస్‌మేకర్ నడిపే రోజు వస్తుందా? వస్తే షుగరు కూడా తగ్గుతుందేమో కదా!
— ఎం.వి.పి. కాలనీ నుంచి ఒక రిటైర్డు ఉద్యోగి

రెండో ప్రశ్నకు ముందు జవాబు. పేస్‌మేకరుకు 10 మైక్రోవాట్లనుకుందాం. అర వోల్టు సెల్లు అయితే 20 మైక్రోఆంపియర్లు. దానికి రోజుకు ఖర్చయ్యే గ్లూకోజ్ 1.6 మిల్లీగ్రాములు. చెంచా చక్కెరలో ఇలాంటి రోజులు రెండు మూడు వేలుంటాయి. షుగరు తగ్గదండీ.

మొదటిది: 2003లో ఆడమ్ హెల్లర్ బృందం ద్రాక్షపండులో గుచ్చిన సన్నటి కార్బన్ పోగులతో ఇలాంటి సెల్ నడిపింది. 2010లో ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్ పరిశోధకులు ఎలుక శరీరంలో అమర్చారు. పవరు సమస్య కాదు, ఆయుష్షే సమస్య. 1972 నుంచి వాడుకలోకి వచ్చిన లిథియం-అయొడిన్ బ్యాటరీ ఏళ్ల తరబడి పని చేస్తుంది. ఎంజైమ్ ఎలక్ట్రోడ్ ఆయుష్షును ఇంకా వారాల్లో, నెలల్లో లెక్కపెడుతున్నాం. మీ డాక్టరుగారు చెప్పిన బ్యాటరీయే మీకు శ్రేయస్కరం.

అయితే ఈ సెల్లులో సగం మీ ఇంట్లో ఇప్పటికే ఉంది. గ్లూకోమీటరు పట్టీ మీద ఉండేది గ్లూకోజ్ ఆక్సిడేజో, డీహైడ్రోజినేజో, దానితో పాటు ఒక మధ్యవర్తి. పైన యానోడ్‌కు చెప్పిన సరంజామాయే. పి.క్యు.క్యు. రకం డీహైడ్రోజినేజ్ వాడిన పట్టీలు మాల్టోజ్‌ను కూడా గ్లూకోజ్‌గా లెక్కగడతాయి. ఒంట్లో మాల్టోజ్‌గా విడిపోయే ఐకోడెక్స్‌ట్రిన్ ద్రావణంతో పొట్ట ద్వారా డయాలసిస్ చేయించుకునేవాళ్లకు ఇది ప్రాణాంతకం కావచ్చని 2009లో అమెరికా ఎఫ్.డి.ఎ. హెచ్చరించింది. మీటరు లేని షుగరును చూపిస్తుంది, దాన్ని నమ్మి ఇన్సులిన్ ఎక్కువ ఇస్తారు. ఇంట్లో అలాంటి రోగి ఉంటే పట్టీలోని ఎంజైమ్ ఏదో డబ్బాలో వచ్చే కాగితం మీద చూడండి, లేదా డాక్టరుగారిని అడగండి.

పట్టీల డబ్బా మూతలోనో గోడలోనో తేమ పీల్చే పదార్థం ఉంటుంది. ఒక పట్టీ తీయగానే మూత టప్పుమనేలా నొక్కండి. పట్టీలను వేరే డబ్బాలోకి మార్చకండి, ఫ్రిజ్ తలుపులో పెట్టకండి. వానాకాలంలో మూత తీసి పక్కన పెట్టిన డబ్బాలోని పట్టీలు గడువు తేదీ రాకముందే తప్పుడు అంకెలు చూపించడం మొదలుపెడతాయి.